పన్నెండు డిగ్రీల చన్నీళ్ళు

పదకొండూ పది.

కారు దిగి వర్క్‌షాపు గుమ్మంలో కాలు పెట్టాడో లేదో, డిటెక్టివ్ కళ్ళద్దాలు రెండూ తెల్లగా మసకబారిపోయాయి. ఎదురుగా ఉన్నది గోడో మనిషో తెలియలేదు. "ఖర్మ!" అనుకుంటూ తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ తగిలించుకున్నాడు. కారులో ఏసీ చల్లదనం, బయట నిన్నటి నుంచీ వదలని ముసురు. ఇలా జరగడం ఇవాళ ఇది మూడోసారి. చిరాకు పడ్డాడే తప్ప, కేసు మొత్తం తన ముక్కు మీదే కూర్చుని ఉందని ఆ క్షణాన ఆయనకి తట్టలేదు. తట్టి ఉంటే కొందరికి ముచ్చెమటలు పట్టడం తప్పేది.

గోడ కాదు, మనిషే. గుమ్మం పక్క బెంచీ మీద నుంచి ఒక పెద్దావిడ లేచి నిలబడింది. పొద్దున్న ఫోన్ చేసి రమ్మన్నది ఈవిడే.

"వచ్చారా బాబూ! ఒంటిగంటకి నా కోడల్ని స్టేషన్‌కి తీసుకుపోతారట. మీరే ఏదో ఒకటి చెయ్యాలి."

సంగతి ఫోన్లోనే చాలావరకు చెప్పింది. ఇది లోహపు బిళ్ళల మీద లేజర్‌తో పేర్లూ అంకెలూ చెక్కే వర్క్‌షాపు. నిన్న మధ్యాహ్నం రెండూ యాభై రెండుకి మొదటి మెషిన్, ఆగి ఉండాల్సిన కిరణాన్ని ఉన్నట్టుండి వదిలేసింది. దాని ముందు కూర్చుని బిళ్ళ మారుస్తున్నది ఈవిడ చిన్న కొడుకు. కుడి చెయ్యి కాలింది. కరిగిన లోహం తుంపర ఎడమ కన్ను దగ్గర పడింది. చూపు ఉందో పోయిందో, పన్నెండున్నరకి కట్టు విప్పితే గానీ చెప్పలేమన్నారు డాక్టర్లు. అంతవరకే అయితే ప్రమాదం అనుకుని ఏడ్చి ఊరుకునేవాళ్ళు. కానీ ఇది ప్రమాదం కాదు, హత్యాప్రయత్నం అన్నాడు ఇన్‌స్పెక్టర్. చేసింది ఎవరట? ఈవిడ పెద్ద కోడలు. అదే వర్క్‌షాపులో మెషిన్లు బాగుచేసే మెకానిక్. అందరూ క్రిస్టల్ అక్క అంటారు.

"అమ్మా, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి," అన్నాడు డిటెక్టివ్. "దెబ్బ తగిలింది మీ కన్నకొడుక్కి. మీరేమో కోడలి కోసం నన్ను పిలిచారు."

"ఎందుకంటే అది చెయ్యలేదు కాబట్టి!" పెద్దావిడ గొంతు లేచింది. "వాడికి జ్వరమొస్తే నాకంటే ముందు లేచేది అదే. వాణ్ణి తిట్టేదీ అదే, వాడికి ముద్ద కలిపి పెట్టేదీ అదే. ఆసుపత్రిలో వాడి దగ్గర మా పెద్దోడున్నాడు. నేనిక్కడ కూచున్నాను. ఎవరి దగ్గరుండాలో తెలియక కాళ్ళూ చేతులూ ఆడట్లేదు బాబూ."

"ఇక్కడే ఉండండి. ఒంటిగంటకి ఇంకా చాలా టైముంది," అన్నాడాయన. అంత ధైర్యం ఎక్కణ్ణుంచి తెచ్చుకుని అన్నాడో ఆయనకే తెలియదు.

"ఓహో! చత్వారంగారు వేంచేశారే!"

లోపలి నుంచి వచ్చిన ఆ గొంతు ఇన్‌స్పెక్టర్‌ది. ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. ఇద్దరికీ పదేళ్ళ పరిచయం, పదేళ్ళుగా పడదు. ఇన్‌స్పెక్టర్ చెడ్డవాడేం కాదు. లంచం ముట్టడు, ఒళ్ళు దాచుకోడు. కాకపోతే మొదట కనపడిన దారే రాజమార్గం అనుకుని దూసుకుపోయే రకం.

"చూపు ఆననివాడికి దగ్గరకెళ్ళి చూసే అలవాటుంటుంది లెండి," అన్నాడు డిటెక్టివ్. "ఇంతకీ మీకేం కనపడిందో చెప్పండి."

"అన్నీ కనపడ్డాయి. రాసి కూడా పెట్టుకున్నాను." ఇన్‌స్పెక్టర్ జేబులోంచి నోటుపుస్తకం తీశాడు. "మెషిన్లో క్యూ-స్విచ్ అని అగ్గిపెట్టెంత డబ్బా ఒకటుంటుంది. కిరణాన్ని లోపలే ఆపి ఉంచేది అదే. అది వేడెక్కకుండా దానికి ఎప్పుడూ చన్నీళ్ళు పారాలి. నీళ్ళు ఆగితే మెషిన్ దానంతటదే ఆగిపోయేలా ఒక కాపలా స్విచ్ పెట్టారు. ఇప్పుడు వినండి. ఆ కాపలా స్విచ్‌కి ఎవరో అడ్డంగా తీగ ముక్క కట్టేశారు. అంటే నీళ్ళు ఆగినా మెషిన్‌కి తెలియదన్నమాట. ఎర్ర తీగ. అలాంటి తీగచుట్ట ఆ మెకానిక్ పెట్టెలో ఉంది. కాసేపు నీళ్ళ వాల్వు కట్టేసింది, డబ్బా మాడింది, కిరణం బయటికి దూకింది. ఆ గోలలో వాల్వు మళ్ళీ తిప్పేసింది."

"మీరు వచ్చేసరికి నీళ్ళు పారుతున్నాయా?"

"భేషుగ్గా! నీళ్ళని చల్లబరిచే చిల్లర్ మీద పన్నెండు డిగ్రీలని ఎర్రంకెలు చూసి మరీ రాసుకున్నాను."

"ఆవిడకి మరిది మీద అంత కక్ష దేనికో?"

"మొన్న మధ్యాహ్నం వాణ్ణి పట్టుకుని 'చేతులు విరగ్గొడతా' అని అరిచింది. పదిమంది విన్నారు. మర్నాడే చెయ్యి కాలింది. ఇంకేం కావాలండీ మీకు?"

"ఆ గది ఒకసారి చూడాలి."

"చూడండి, చూడండి. ఒంటిగంట వరకూ చూస్తూనే ఉండండి."

గది తాళం తీసింది వర్క్‌షాపు యజమాని. మెడలో తాళాలగుత్తి వేలాడేసుకున్న బక్కపల్చటి మనిషి. మాట మాటకీ చేతిగడియారం చూసుకుంటున్నాడు. లోపల ఉక్కపోత. కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. గోడ మీద ఏసీ ముందు పలక ఊడదీసి, పేగులు బయట పడేసుకుని వేలాడుతోంది.

"మొన్న సాయంత్రం చచ్చింది సార్ అది," అన్నాడు యజమాని. "సామాను రావాలి. మా మెకానిక్ గదికి వేరే ఏసీ ఉంది, అది బాగానే ఉంది."

మెషిన్ వెనక నుంచి చిల్లర్‌దాకా రెండు లావుపాటి పైపులు. వాటి కింద నేల మీద పళ్ళెమంత మడుగు. డిటెక్టివ్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"పైపు కారుతోంది. పాతదైపోయింది," అన్నాడు యజమాని.

డిటెక్టివ్ జేబురుమాలు తీసి ఒక పైపుని జానెడు మేర పొడిగా తుడిచాడు. చిల్లు గానీ, బీట గానీ లేవు. లేచి చిల్లర్ తొట్టికున్న గాజు పలకలోకి తొంగి చూశాడు. నీళ్ళు సరిగ్గా 'ఫుల్' అన్న గీత మీదున్నాయి.

"ఇందులో నీళ్ళెవరైనా పోశారా, నిన్నా ఇవాళా?"

"లేదండీ."

"నేల మీద ఇన్ని నీళ్ళున్నాయి, తొట్టిలో చెంచాడు తగ్గలేదు. కారితే ఎక్కణ్ణుంచి కారినట్టు?"

"ఏంటండీ, ప్లంబింగ్ పని కూడా ఒప్పుకున్నారా?" ఇన్‌స్పెక్టర్ పకపకా నవ్వాడు.

డిటెక్టివ్ నవ్వలేదు. మళ్ళీ వంగి, ఇందాక తుడిచిన జానెడు పైపుని వేలితో తాకాడు. రెండు నిమిషాలు కాలేదు, అప్పుడే చెమర్చింది. విచిత్రంగా ఉందే అనుకున్నాడు గానీ, ఎందుకో ఇంకా ముడి విడలేదు.

కిరణం బయటికొచ్చే మూతి దగ్గర ఒక రేకు తలుపు ఉంది. బిళ్ళ మార్చే ప్రతిసారీ మూసుకోవాల్సిన షట్టర్ అది. దాని తీగ ఊడి పక్కన వేలాడుతోంది. అది గుచ్చాల్సిన రంధ్రంలో సాలెగూడు. డిటెక్టివ్ చూశాడు. ఆయన చూడటం యజమాని చూశాడు. వాచీ చూసుకోవడం మానేశాడు.

కాపలా స్విచ్ ఉన్నది మెషిన్ పక్కనున్న పలక లోపల. మెషిన్ మొత్తం మీద ప్రతి స్క్రూ తలకీ, దాని పక్క రేకుకీ కలిపి వంకాయ రంగు చుక్క ఒకటి పెట్టి ఉంది. ఆ పలక స్క్రూలు నాలుగింటికి మాత్రం ఆ చుక్క రెండుగా చీలిపోయింది.

"ఈ రంగేంటి?"

"ఆవిడ పిచ్చి సార్," అన్నాడు యజమాని. "బిగించిన ప్రతిదానికీ గోళ్ళరంగు పెడుతుంది. ఎవరన్నా విప్పితే తెలుస్తుందట. తను విప్పినా మళ్ళీ పెట్టి గానీ లేవదు."

"మళ్ళీ పెట్టి గానీ లేవదు," అని ఆ మాటని డిటెక్టివ్ మెల్లగా ఒకసారి అనుకున్నాడు. "నిన్న మీవాళ్ళు ఫొటోలు తీసే ఉంటారుగా ఇన్‌స్పెక్టర్‌గారూ?"

"మూడూ ఇరవైకి మా కానిస్టేబుల్ మూలమూలా తీశాడు. తీగ మాత్రం నేనే పట్టుకున్నాను, ఆరింటికి పలక ఫొటో తీయించి, విప్పించి."

"మూడూ ఇరవైకీ ఆరింటికీ మధ్య?"

"ఆసుపత్రికెళ్ళాను, బాధితుణ్ణి చూడొద్దూ? గదికి తాళం వేయించే వెళ్ళాను."

తాళం ఎవరి మెడలో ఉందో అడగాల్సిన పని లేకపోయింది. డిటెక్టివ్ ఆ మాట అప్పటికి అక్కడే వదిలేశాడు.

పదకొండూ నలభై ఐదుకి మెకానిక్ గది తలుపు తోశాడు. చల్లగా, శుభ్రంగా, పనిముట్లన్నీ వరసలో ఉన్న గది. స్టూలు మీద కూర్చున్న ఆవిడకి ముప్పై ఐదేళ్ళుంటాయి. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి గానీ వెన్ను మాత్రం నిటారుగా ఉంది. తలుపు దగ్గర కానిస్టేబుల్.

"మీ అత్తగారు పంపించారు నన్ను."

అంతే, ఆ నిటారు వెన్ను ఒక్కసారి కదిలిపోయింది. "అత్తయ్య... నన్ను అనుమానించట్లేదా?"

"అనుమానిస్తే ఆవిడే వచ్చి జుట్టు పట్టుకునేది, నన్నెందుకు పంపిస్తుంది? సరే గానీ, మొన్న ఏమన్నారు మీ మరిదిని? ఉన్నదున్నట్టు చెప్పండి."

"కళ్ళద్దాలు పెట్టుకోకుండా మెషిన్ ముందు కూచున్నాడండీ! 'అద్దాలు లేకుండా ఇంకోసారి ఈ మెషిన్ ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా' అన్నాను. కోపమొచ్చి అన్నాను. అప్పట్నుంచి వాడితో మాట్లాడలేదు. ఇంట్లో కూడా మొహం తిప్పుకున్నాను."

"పదిమందీ చెప్పింది సగమే," అన్నాడు డిటెక్టివ్, వెనకే వచ్చిన ఇన్‌స్పెక్టర్ వైపు తిరగకుండా.

"ఆ మొదటి సగం ఇప్పుడు అతికించుకుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"సరే. మాడిపోయిన డబ్బా మీ దగ్గరేగా ఉంది, ఒకసారి ఇలా ఇప్పించండి. మీ ముందే చూస్తాం, మింగెయ్యం."

ఇన్‌స్పెక్టర్ సణుక్కుంటూ కవరు బల్ల మీద పెట్టాడు. క్రిస్టల్ అక్క భూతద్దం అందుకుంది. అందుకోగానే మనిషే మారిపోయింది.

"ఇదిగో, ఇది క్రిస్టల్. దీని చెంపకి అతికించిన ఈ గోరంత రేకు ఉందే, ఇదే ట్రాన్స్‌డ్యూసర్. కరెంటు ఇస్తే వణుకుతుంది. ఆ వణుకు మన చెవికి అందని శబ్దమై క్రిస్టల్లోకి పోతుంది. ఆ శబ్దం వెలుగుని పక్కకి తోసేస్తుంది, కిరణం బయటికి రాకుండా ఆగుతుంది. ఇంత చిన్న రేకు మీద అంత కరెంటు పడితే వేడెక్కదా మరి? అందుకే దీని వెనకాల నీళ్ళు పారే రాగి దిమ్మ పెడతాం."

"వేడెక్కే చచ్చిందంటున్నారు ఈయన."

"వేడికి చస్తే రేకు నడిమికి బీటలిస్తుంది. కింద అతుకు కరిగి పక్కకి జారుతుంది. పోయిన వారం మా మరిది ఒకటి మాడ్చాడు, అదిగో ఆ డబ్బాలో ఉంది, పోల్చి చూసుకోండి. దీంట్లో నడుమ చెక్కుచెదరలేదు. అతుకు కొత్తదానిలా ఉంది. కాలింది ఈ అంచున." వేలు పెట్టి చూపించింది. వెంట్రుకంత బంగారు తీగ మొదట్లోంచి పక్క గోడదాకా నల్లటి గీత. "ఇక్కడ మెరుపు కొట్టిందండీ. తడి తగిలితే ఇలా కొడుతుంది. కానీ నీళ్ళు బయటికి రాకుండా వేసిన వాషర్లు బాగానే ఉన్నాయి. తడి ఎలా వచ్చిందో తెలీక రాత్రంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాను."

"ఈ మాట నిన్ననే చెప్పలేదేం?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మీరు అడిగితే కదా! 'ఎందుకు చేశావ్' అనే తప్ప వేరే మాట అడిగారా?"

ఇన్‌స్పెక్టర్ మీసం సర్దుకున్నాడు. "ఎలా మాడితేనేం, తీగ కట్టిన మాట నిజం. చత్వారంగారూ, పన్నెండు కావస్తోంది."

డిటెక్టివ్ బయటికి నడిచాడు. పైపు ఇంకోసారి చూడాలి. చల్లటి గదిలోంచి ఉక్కపోతలోకి అడుగు పెట్టాడో లేదో, కళ్ళద్దాలు మళ్ళీ తెల్లగా అయిపోయాయి. నాలుగోసారి. "థూ, దీని..." అని తీసి తుడవబోయి, అలాగే చెయ్యి గాల్లో ఆపేశాడు. అద్దం మీద సన్నటి నీటిచుక్కలు. ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. ఎక్కడా కారలేదు. అద్దం చల్లగా ఉంది, గాలి తడిగా ఉంది, అంతే.

"ఓరి నా మతిమండా!" అని గట్టిగానే అన్నాడు. పొద్దున్నుంచీ ముక్కు మీద పెట్టుకుని తిరుగుతున్నాడు కదా!

గిరుక్కున వెనక్కి తిరిగాడు. "అమ్మా! చిల్లర్ ఎన్ని డిగ్రీల మీద ఉండాలి?"

"ఇరవై నాలుగు," అంది క్రిస్టల్ అక్క.

"ఇన్‌స్పెక్టర్‌గారూ, మీ పుస్తకంలో ఎంత రాసుకున్నారు?"

"పన్నెండు. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదేగా..."

"పన్నెండా!" క్రిస్టల్ అక్క స్టూలు మీంచి లేచిన విసురుకి స్టూలు వెనక్కి పడిపోయింది. "ఏసీ లేదు, కిటికీలు తెరిచున్నాయి, బయట ముసురు... పన్నెండు పెడితే రేకు మీద మంచు కురిసినట్టు నీళ్ళు పట్టేస్తాయి! తీగ తడిస్తే మెరుపు కొట్టదూ!" అని, ఒక్క క్షణం ఆగింది. మొహం పాలిపోయింది. "రెండో మెషిన్! అది కూడా ఆ చిల్లర్ మీదే! ఎవరూ ఆన్ చెయ్యలేదు కదా?"

నడవలో నిలబడి ఉన్న యజమాని ఒక అడుగు వెనక్కి వేశాడు.

"చెప్పవయ్యా!" అరిచాడు డిటెక్టివ్.

"ఆర్డర్లు ఆగిపోయాయని... వార్మప్‌లో పెట్టి పది నిమిషాలైంది..."

కానిస్టేబుల్ అడ్డు రాబోయాడు. ఇన్‌స్పెక్టర్ అతని భుజం పట్టి పక్కకి లాగేశాడు. ఆ ఒక్క పనికీ డిటెక్టివ్ తర్వాత చాలాకాలం ఆయన్ని మెచ్చుకున్నాడు. ఆవిడ ముందు, వెనక డిటెక్టివ్, ఆయన వెనక ఇన్‌స్పెక్టర్, నడవ పట్టకుండా పరుగు.

పక్క గదిలో బట్టతల పెద్దాయన ఒకడు, అందరూ తాతా అని పిలిచే పాత ఆపరేటర్, ఏదో కూనిరాగం తీస్తూ మొదటి బిళ్ళని పట్టకారుతో పట్టుకుని కిరణం మూతి కిందకి చెయ్యి చాపుతున్నాడు. అక్కడా షట్టర్ తీగ ఊడే ఉంది.

"తాతా, చెయ్యి తియ్!"

కేక, ఎర్ర బటన్ మీద దెబ్బ, రెండూ ఒకేసారి. మెషిన్ మూలుగు సన్నగిల్లి ఆగిపోయింది. తాత చేతిలో బిళ్ళ నేల మీద పడి ఠంగుమంది.

"ఏమైందమ్మా?" అన్నాడాయన అయోమయంగా.

క్రిస్టల్ అక్క నాలుగు స్క్రూలు విప్పి, క్యూ-స్విచ్ మూత తీసి, టార్చి వేసింది. "రండి. కళ్ళారా చూడండి."

ఇన్‌స్పెక్టర్ వంగాడు. గోరంత రేకు మీద, వెంట్రుకంత బంగారు తీగ మీద, ఆవగింజలంత నీటిబొట్లు వరసగా మెరుస్తున్నాయి. ఆయన చూస్తుండగానే రెండు బొట్లు కలిసి ఒకటై గోడవైపు జారాయి. ఇంకొక్క బొట్టు కలిస్తే చాలు.

"తాతా," అన్నాడు ఇన్‌స్పెక్టర్, గొంతు సవరించుకుని, "మీరు కాసేపు అలా కూర్చోండి."

తాతకి సంగతి అప్పుడు అర్థమైంది. తన అరచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుని, కుర్చీలో కూలబడి, "బతికించావు తల్లీ" అన్నాడు. పన్నెండూ ఐదు. గదిలో ఉన్న అందరూ ఒకేసారి ఊపిరి వదిలారు. డిటెక్టివ్‌కైతే గోడకి చేరగిలబడాల్సి వచ్చింది.

"సరే, నీళ్ళు ఆగి మాడలేదు, ఒప్పుకున్నాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు, ఒప్పుకున్నాడంటే నీటిబొట్లు గట్టిగానే తగిలాయన్నమాట. "మరి ఆ తీగ?"

"మీ కానిస్టేబుల్ తీసిన ఫొటోలు తియ్యండి. మొదటి మెషిన్ పక్క పలక. పెద్దది చెయ్యండి. ఇంకా. స్క్రూ మీద రంగు చుక్క ఎలా ఉంది?"

ఇన్‌స్పెక్టర్ ఫోన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. దూరంగా పెట్టుకున్నాడు. మళ్ళీ దగ్గరగా పెట్టుకున్నాడు.

"నా అద్దాలు కావాలా?" అన్నాడు డిటెక్టివ్.

"అక్కర్లేదు! చుక్క... చుక్క విరగలేదు. నాలుగూ నిండుగానే ఉన్నాయి."

"ప్రమాదం రెండూ యాభై రెండుకి. ఫొటో మూడూ ఇరవైకి. అప్పటికి ఆ పలక ఎవరూ విప్పలేదు. ఆరింటి ఫొటో చూడండి, మీరు విప్పించకముందే చుక్కలు చీలి ఉన్నాయి, లోపల తీగ ఉంది. మధ్యలో గది తాళం ఎవరి మెడలో ఉందండీ?"

అందరూ యజమాని వైపు తిరిగారు.

"నేను... నాకేం అవసరం..."

"షట్టర్ తీగ పెట్టే రంధ్రంలో సాలెగూడు కట్టింది. ఎన్నాళ్ళయింది అది ఊడదీసి?"

"ప్రతి బిళ్ళకీ నాలుగు సెకన్లు పోతోందని ఈయనే ఊడదీయించాడు," అంది క్రిస్టల్ అక్క. "వద్దని నేను మూడుసార్లు చెప్పాను. నీకెందుకు, నీ పని నువ్వు చూసుకో అన్నాడు."

"షట్టర్ ఉంటే క్యూ-స్విచ్ చచ్చినా ఆ కుర్రాడికి ఏమీ అయ్యేది కాదు," అన్నాడు డిటెక్టివ్. "ఆ సంగతి బయటపడితే జైలుకి పోయేది మీరు. అందుకని ఆవిడ పెట్టెలోంచి జానెడు ఎర్ర తీగ కోశారు. స్క్రూలు విప్పి మళ్ళీ బిగించారు. రంగు పెట్టడం మాత్రం మర్చిపోయారు. ఆవిడే అయితే మర్చిపోదు. మర్చిపోదని ఇందాక మీ నోటితో మీరే చెప్పారు."

యజమాని మెడలోంచి తాళాలగుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. "భయమేసింది సార్," అన్నాడు, "వాడి చెయ్యి చూసి భయమేసింది." కానిస్టేబుల్ ఆయన పక్కన వచ్చి నిలబడ్డాడు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ఇన్‌స్పెక్టర్ ఊరుకునే ఘటం కాదు. నోటుపుస్తకం మళ్ళీ తెరిచాడు.

"తీగ కట్టింది ఈయన. ఒప్పుకున్నాను. మరి ఇరవై నాలుగుని పన్నెండు చేసింది ఎవరు? ఈయనా?"

"నాకు ఆ చిల్లర్ బటన్లు నొక్కడం కూడా రాదు సార్!" అన్నాడు యజమాని. అది నిజమేనని తాత తలూపాడు.

"ఈ రేకుల సంగతి, ఈ డిగ్రీల సంగతి, తడి తగిలితే మెరుపు కొడుతుందన్న సంగతి, ఇవన్నీ తెలిసిన మనిషి ఇక్కడ ఒక్కరే ఉన్నారు." ఇన్‌స్పెక్టర్ గొంతులో ఇప్పుడు వెటకారం లేదు. అది ఇంకా భయంగా ఉంది. "క్షమించమ్మా. తీగ లేకపోయినా ప్రశ్న మిగిలే ఉంది."

డిటెక్టివ్‌కి ఆ మాటలో తప్పు పట్టడానికి లేదు. గుమ్మంలో ఎప్పుడొచ్చిందో అత్తగారు వచ్చి నిలబడి ఉంది. ఆవిడ కోడలి పక్కకి నడిచి, చెయ్యి పట్టుకుంది. పన్నెండూ ముప్పై ఎనిమిది.

అప్పుడే ఆవిడ చేతిలో ఫోన్ మోగింది. పెద్ద కొడుకు. కంగారులో ఏది నొక్కిందో ఏమో, గొంతు గదంతా వినపడింది.

"అమ్మా! కట్టు విప్పారు! కనపడుతోందటమ్మా! గోడ మీద గడియారం చూసి టైము చెప్పాడు!"

"హమ్మయ్య!" అని పెద్దావిడ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుపో నవ్వో తెలియకుండా ఊగిపోయింది. క్రిస్టల్ అక్క కూడా పక్కనే కూలబడి ఆవిణ్ణి వాటేసుకుంది. తాత కళ్ళు తుడుచుకున్నాడు. డిటెక్టివ్ మళ్ళీ అద్దాలు తీసి తుడుచుకున్నాడు గానీ ఈసారి అవి మసకబారింది ఉక్కపోతకి కాదు.

"కళ్ళద్దాలు పెట్టుకున్నాడు కాబట్టి పక్క సందులోంచి తుంపర మాత్రమే తగిలిందట. లేకపోతే రెండు కళ్ళూ పోయేవన్నారు డాక్టరుగారు," అన్నాడు ఫోన్లో పెద్ద కొడుకు. "ఇదిగో, తెలివి వచ్చినప్పట్నుంచీ వదిన, వదిన అని ఒకటే గొడవ. ఇస్తున్నా."

ఫోన్లో కొంచెం గరగర. తర్వాత నీరసంగా ఒక కుర్ర గొంతు.

"వదినా? ఉన్నావా? కోపం పోయిందా?"

ఆవిడ "ఊఁ" అంది.

"కళ్ళద్దాలు పెట్టుకునే కూచున్నా వదినా, ఒట్టు. నీ రేకుని కూడా ఏం చెయ్యలేదు, ఈసారి జాగ్రత్తగానే ఉన్నా. ఏసీ పోయిందిగా, ఉక్కకి అది వేడెక్కిపోతుందేమో, మళ్ళీ మాడిపోతే నువ్వు బాధపడతావేమోనని నిన్న పొద్దున్నే చిల్లర్ పన్నెండుకి దించేశా. చల్లగా ఉంటుందని. నీకు చెబుదామనే వచ్చా. నువ్వేమో మొహం తిప్పుకున్నావు. అయినా ఎందుకు మాడిందంటావు వదినా?"

ఇన్‌స్పెక్టర్ పెన్ను కాగితం మీద ఆగిపోయింది. డిటెక్టివ్ కిటికీ వైపు తిరిగాడు. చల్లదనం మంచిదేనని, వదిన ప్రాణం పెట్టి అతికించిన రేకుకి వేడి తగలకూడదని, వాడే, తన చేత్తో తనే! ఆవిడ ఒక్కరోజు వాడితో మాట్లాడి ఉంటే, ఆ ఒక్క మాట చెవిన పడి ఉంటే, పరిగెత్తుకెళ్ళి మళ్ళీ ఇరవై నాలుగు పెట్టి ఉండేది. ఆ సంగతి అందరికంటే ముందు ఆవిడకే అర్థమైంది.

రెండు చేతులతో ఫోన్ని పట్టుకుని, మొహమంతా కన్నీళ్ళతో, గొంతు చించుకుని అరిచింది.

"ఇంటికి రారా నువ్వు! చేతులు విరగ్గొడతా!"

"అలాగే వదినా," అన్నాడు వాడు హాయిగా. "కుడిది ఎలాగూ కట్టులోనే ఉంది."

ఇన్‌స్పెక్టర్ ఆ మాట కూడా రాసుకోబోయి, ఒకసారి అత్తాకోడళ్ళ వైపు చూసి, పెన్నుకి మూత పెట్టేశాడు.